భీమక్క కాసిన సముద్రం

భద్రాచలంలో గోదావరి ఉంది గానీ సముద్రం ఎక్కడిదని మీకు నవ్వు రావచ్చు. మొదట విన్నప్పుడు నాకూ వచ్చింది. కానీ రెండు వేల ఆరులో ఆ ఊళ్లో ఒక సముద్రం ఉండేది. వెంకటనారాయణ గారి ముందుగదిలో, తూర్పు గోడకు ఆనించిన బల్ల మీద, నాలుగున్నర అడుగుల పొడుగున, రెండడుగుల లోతున ఉండేది. దానికి అలలు లేవు, ఆటుపోట్లు లేవు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద నడిచేది. ఆ సముద్రాన్ని కాచిన మనిషి పేరు భీమక్క. ఆమె పుట్టి బుద్ధెరిగాక అసలు సముద్రాన్ని కంటితో చూసింది లేదు.

ఆ సముద్రం పుట్టడానికి కారణం రాఘవమ్మ గారి మోకాళ్ళు. ఆవిడది బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు పల్లె. పడుకుంటే తలగడలోంచి హోరు వినపడేదట. పదిహేడో ఏట వెంకటనారాయణను కట్టుకుని ఈ అడవి అంచుకు వచ్చి, మిరప తోటల మధ్య కాపురం పెట్టింది. వచ్చిన కొత్తలో ఇక్కడి నిశ్శబ్దానికి నిద్ర పట్టక ఏడ్చేదట. ఏటా వేసవిలో పుట్టింటికి వెళ్ళి, ఆ హోరు చెవుల నిండా నింపుకొని వచ్చేది. యాభై అయిదు దాటాక మోకాళ్ళు మొండికేశాయి. ఇసుకలో నాలుగడుగులు వేయలేని మనిషికి సముద్రం ఒడ్డున ఏం పని? వెళ్ళడం మానేసింది. మానేసినందుకు ఎవరినీ ఏమీ అనలేదు గానీ, మాటలు తగ్గించింది. వెంకటనారాయణ ఎరువుల కొట్టులో తలమునకలుగా ఉండే మనిషే అయినా, ఇల్లాలి మాట తగ్గితే ఇంటికి మంచిది కాదని తెలిసినవాడు. హైదరాబాదులో ఏదో హోటల్లో ఉప్పునీటి చేపల తొట్టి చూసి వచ్చి, ఖమ్మంలో చేపల తొట్లు అమర్చే రవీందర్‌కు కబురు పెట్టాడు. భార్యను సముద్రం దగ్గరకు తీసుకెళ్ళలేకపోతే, సముద్రాన్నే ఇంటికి తెస్తే పోలేదా అన్నది ఆయన ఆలోచన.

ఉగాది ముందర రవీందర్ సముద్రపు ఉప్పు బస్తాలు, ప్రాణులు పట్టిన రాళ్ళు, గాలి నింపిన సంచుల్లో మూడు చేపలు తెచ్చాడు. వాటిలో రెండు నారింజ రంగువి, ఒంటి చుట్టూ తెల్ల పట్టీలున్న ఆలుమగలు. పెద్దది ఆడది, చిన్నది మగది. చిన్నది ఎప్పుడూ పెద్దదాని వెనకే తిరుగుతుంది. "మా ఇంట్లో లాగే" అని రాఘవమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. మూడోది అరచేయంత నీలం చేప, తోక మాత్రం పసుపు. దానికి నీలవేణి అని పేరు పెట్టింది.

ఇక భీమక్క సంగతి. దుమ్ముగూడెం దగ్గర అడవిలో ఒక కోయగూడెం ఆమెది. భర్త తాటిచెట్టు మీంచి పడి చనిపోయాడు. ఒక్కగానొక్క కూతురు సమ్మి తొమ్మిదేళ్ళ వయసులో జ్వరంతో పోయింది. ఆ తర్వాత గూడెంలో ఉండబుద్ధి కాక భద్రాచలం వచ్చి, పదహారేళ్ళుగా రాఘవమ్మ ఇంట్లో పని చేస్తోంది. పనికి పులి, మాట కొంచెం కరుకు. ఆమెలో ఒక వింత మాత్రం అందరూ గమనించారు. ప్రాణమున్న దేన్నీ పెంచదు. కోడిపిల్లను తేదు, మేకను కట్టదు, పక్కింటి పసిబిడ్డను ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. "నా చేతికి పానం ఇయ్యకుర్రి" అంటుంది. ఎందుకే అని అడిగితే చీపురు తీసుకుని వాకిట్లోకి పోతుంది.

అలాంటి మనిషికే చేపల పని తగులుకుంది. వేడికి తొట్టిలో నీళ్ళు ఆవిరైపోతుంటాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. రోజూ మంచినీళ్ళు పోసి సరిచేయాలి. రాఘవమ్మ బిందె ఎత్తలేదు. మొదటి వారం భీమక్క గొణుగుతూనే పోసింది. ఉప్పు కొలవడానికి రవీందర్ ఇచ్చిన ముల్లు పెట్టె ఆమెకు నచ్చలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని "జరంత ఎక్కువైంది" అనేది. పెట్టెలో చూస్తే ముల్లు కచ్చితంగా గీత దాటి ఉండేది. ఇరవై ఏళ్ళు పులుసుల్లో ఉప్పు చూసిన నాలుకకు సముద్రం ఒక లెక్కా! రవీందర్ నోరు వెళ్ళబెట్టి, "అక్కా, నిన్ను మా దుకాణంల పెట్టుకుంటే ఈ పెట్టెలన్నీ అమ్ముడువోవు" అన్నాడు.

తొట్టి కింది అరలో మూరెడు పొడుగు నల్ల గొట్టం ఒకటి బిగించి ఉంది. దాని సంగతి రవీందర్ ఆమెను కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"అక్కా, దీని లోపట యూవీ లైటుంటది. చుట్టూ గాజు తొడుగు. చిన్న మోటరు నీళ్ళను మెల్లగ దాని పక్కకెంచి పంపుతది. నీళ్ళల్ల ఈదే రోగపు పురుగులకు ఆ ఎలుగు తాకిందా, ఇంక అంతే. గొట్టం ఇప్పి లైటును మాత్రం సూడకు, కండ్లు ఖరాబైతయ్. ఈ మూలకు చిన్న కిటికీ లెక్క ఉన్నది సూడు, అండ్ల నీలం కనపడితే ఎలుగుతున్నట్టు. ఎనిమిది తొమ్మిది నెలలకు లైటు మార్చాలె. ఎలుగుతున్నా సరే మార్చాలె. కొత్తది నేను పంపుత."

భీమక్క అన్నింటికీ "అవ్" అంది. చివరిదానికి కూడా అంది.

మధ్యాహ్నాలు ఆ గదిలో కాలం కదిలేది కాదు. ఎండ రాకుండా కిటికీలు మూసేవారు. తొట్టి మీది దీపాలు నీళ్ళను దాటి పైకప్పు మీద వెలుగు గీతలు కదిలించేవి. మోటారు ఎడతెగని ముసురులా సన్నగా మోగేది. రాఘవమ్మ కుర్చీలో, భీమక్క నేల మీద. కళ్ళు సగం మూసుకుని రాఘవమ్మ తన ఊరి సంగతులు చెప్పేది. తడి ఇసుక మీద ఎండ్రకాయలు రాసిన గీతలు, వలలు లాగేటప్పుడు మగవాళ్ళు పాడే కూనిరాగాలు, ముఖం మీద ఆరిపోయే ఉప్పు.

"గోదారి కంటె పెద్దగుంటదా అమ్మా?"

"అవతలి గట్టు కనపడదే."

"మరి అవుతలోళ్ళు ఎట్లొస్తరు?"

"అవతల ఎవరూ లేరే పిచ్చిదానా."

ఆ మాట భీమక్కను చాలా రోజులు పట్టుకుంది. అవతల ఎవరూ లేని నీళ్ళు. పాచి ఊడ్చేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు, ఆ నీళ్ళు ఆమె లోపల ఎక్కడో పరుచుకుంటూ పోయేవి. రాఘవమ్మ కునుకు తీయగానే తొట్టి దగ్గరకు జరిగి చేపలతో కోయ భాషలో మాట్లాడేది. గూడెం వదిలాక ఆ భాషలో మాట్లాడుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు గనక! నీలవేణి అద్దం దగ్గరకు వచ్చి నిలబడి వినేది. ఒకరోజు మేత వేస్తుంటే పైకి వచ్చి ఆమె వేలికి మూతి ఆనించింది. భీమక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆమెకు భయమూ కలిగింది, సంతోషమూ కలిగింది.

డిసెంబరులో, ముక్కోటి హడావుడి మొదలైన రోజుల్లో, ఖమ్మం బస్సులో కొత్త లైటు వచ్చింది. భీమక్క కింది అర తలుపు తీసి చూసింది. మూల కిటికీలో నీలం నిక్షేపంలా వెలుగుతోంది.

మన ఇళ్ళల్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. ఆరిందన్న మాట అనడానికే నోరు రాని జనం మనం. అలాంటిది, వెలుగుతున్న దీపాన్ని చేజేతులా తీసి పక్కన పడేయాలంటే ఎవరికి చేతులాడతాయి?

"వెలిగేదాన్ని తీసేయమంటాడేంటే ఆ రవీందరు! శుభమా అని దేవుడి నెలలో" అంది రాఘవమ్మ. "ఉండనీ. అది కొండెక్కాక మారుద్దాం."

"అవ్ అమ్మా. మంచిగున్నదాన్ని ఎట్ల పారేస్తం? ఇది దాస్త."

కొత్త లైటును పాత నేత చీర ముక్కలో చుట్టి, బీరువాలో తువ్వాళ్ళ కింద పెట్టింది. మంచి వస్తువును చెడ్డరోజు కోసం దాచడం లేనింట్లో పుట్టినవాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చే అలవాటు. దాచాక ఆమెకు ఎంతో ధీమాగా అనిపించింది.

జనవరి చివర్లో రాఘవమ్మను మోకాళ్ళ ఆపరేషనుకు గుంటూరు తీసుకెళ్ళారు. నడక వచ్చేదాకా, రెండు నెలలు, అక్కడే అక్క గారింట్లో ఉండాలి. కారు ఎక్కబోతూ ఆవిడ భీమక్క చెయ్యి పట్టుకుంది.

"ఆ మూడు ప్రాణాలూ నీవి. నేను తిరిగొచ్చేసరికి నాకు ఎదురు రావాలి."

"నాకొద్దమ్మా. నా చేతికి పానం ఇయ్యకు."

"నీ చేతికి కాక ఎవరి చేతికివ్వనే?"

కారు కదిలింది. జవాబు చెప్పే తీరిక కూడా ఇవ్వలేదు పెద్దమనిషి. వెంకటనారాయణ ఆసుపత్రికీ మిర్చి యార్డుకీ మధ్య తిరుగుతూ వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. మిగతా రోజులు ఆ ఇంట్లో భీమక్క, మూడు చేపలు. ఆమె వంటింట్లోంచి తన చాప తెచ్చి ముందుగదిలో పరుచుకుంది. ఆ మూడింటినీ బతికించి రాఘవమ్మకు అప్పజెప్పాలి. తన చేతుల మీద ఒక ప్రాణం పోయింది చాలు, ఇంకోటి పోకూడదు. అంతకు మించి ఆమెకు వేరే కోరిక లేదు.

ఫిబ్రవరి మధ్యలో ఒక పొద్దున నీలవేణి ఒంటి మీద చిన్న తెల్ల చుక్కలు కనిపించాయి. మీద ఉప్పు చిటికెడు రాల్చినట్టు ఉన్నాయి. మర్నాటికి నారింజ జంటకూ వచ్చాయి. నీలవేణి రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది.

రవీందర్ నంబరు గోడ మీద రాసి ఉంది. ఎదురింటివాళ్ళను అడిగితే ఫోను కలిపి ఇస్తారు. కానీ ఆ చుక్కలను చూడగానే భీమక్కకు అనుమానమే కలగలేదు. చిన్నప్పటి నుంచి ఆ చుక్కలు ఆమె ఎరిగినవే. తల్లి వచ్చింది. ముత్యాలమ్మ చేపల ఒంటి మీద ముత్యాలు పోసింది. తల్లి వచ్చిన ఇంట్లో మందు పేరెత్తితే కోపం చేస్తుంది. బయటి మనుషులను రానివ్వకూడదు. తాలింపు ఘుమాయించకూడదు. భీమక్క తొట్టికి రెండు వైపులా వేపమండలు కట్టింది, గడపకు పసుపు రాసింది. నాలుగు రోజులు పొయ్యి మీద నూనె పెట్టకుండా చప్పిడి కూడు తింది. తొట్టి ముందు కూర్చుని, "సల్లగ పో తల్లీ, పసిపానాలు, ఏమెరుగని పానాలు" అని మొక్కుకుంది.

అయిదో రోజుకు చుక్కలు మాయమయ్యాయి. ఒక్కటీ లేదు. నీలవేణి ఒళ్ళు పట్టుబట్టలా మెరుస్తోంది, మేతకు ఎగబడుతోంది. భీమక్క పెరుగన్నం కలిపి వేపచెట్టు మొదట్లో ఆకు మీద పెట్టి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె ఎన్నో ఏళ్ళ తర్వాత బద్ధకంగా ఒళ్ళు వాల్చింది.

నిద్రలో తొట్టి అద్దం లేదు. నీళ్ళు గదిలోంచి వీధిలోకి, వీధిలోంచి అడవిలోకి పోయాయి. తునికి చెట్ల మధ్య, ఇప్పచెట్ల మధ్య నీలంగా నిండాయి. కొమ్మల్లో చేపలు తిరుగుతున్నాయి. ఇప్పచెట్టు కింద సమ్మి వంగి పూలు ఏరుకుంటోంది. పూలు నీళ్ళలో మెల్లగా, ఎంతో మెల్లగా కిందికి దిగుతున్నాయి. పిల్ల తల పైకెత్తి చూసి నవ్వింది. పిలుద్దామంటే భీమక్కకు గొంతులోంచి మాట రాలేదు, బుడగలు వచ్చాయి. మెలకువ వచ్చేసరికి మోటారు మోగుతోంది, గోడ మీద నీటి వెలుగు ఆడుతోంది. తను ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఆ వారమంతా ఆమె ఆ కలలోనే తిరిగింది.

పన్నెండో రోజున కల చెదిరింది. చుక్కలు తిరిగి వచ్చాయి. ఈసారి చిటికెడు కాదు. నీలవేణి నీలం కనపడనంతగా వచ్చాయి. చేప మోటారు నీళ్ళు పడేచోట పైకి చేరి, మొప్పలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. నారింజ జంట మూలన పడి ఉంది.

భీమక్క ఈసారి వేపమండల కోసం వెళ్ళలేదు. తల్లి ఒకసారి దిగి పోయాక వెంటనే మళ్ళీ రాదు. పోయి, నవ్వించి, తిరిగి వచ్చేది వేరే ఉంది. దాన్ని ఆమె ఎరుగును. సమ్మికి వచ్చిన చలిజ్వరం అలాగే పోయింది. మూడు రోజులు పిల్ల గంతులేసింది, ఇప్పపూలకు వెళ్ళొచ్చింది. ఆ పైన అది తిరిగి వచ్చింది. దవాఖానాకు తెచ్చేలోపే బండిలో పిల్ల పోయింది. ఆ మధ్యలో గడిచిన మూడు మంచి రోజులను భీమక్క పదహారేళ్ళుగా మరిచిపోలేదు.

ఎదురింటికి చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వాళ్ళు రవీందర్‌కు ఫోను కలిపి ఇచ్చారు.

"సారూ, చేపలు సస్తున్నయ్."

అంతా విని రవీందర్ ఒక్కటే అడిగాడు. "లైటు మార్చినవా అక్కా?"

"ఎలుగుతనే ఉన్నది సారు."

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకొస్త" అన్నాడు.

వచ్చీ రాగానే మోటారు ఆపి, నల్ల గొట్టం విప్పాడు. గాజు తొడుగు మీద తెల్లగా ఉప్పు పొక్కు కట్టి ఉంది. దాన్ని వెనిగరుతో తుడిచి, తువ్వాళ్ళ కింది నుంచి వచ్చిన కొత్త లైటు పెట్టి బిగించాడు. స్విచ్చి వేశాక భీమక్క మూల కిటికీలోకి చూసింది.

"ఇదీ గట్లనే ఉన్నది కద సారు. పాతదానికీ దీనికీ ఏం ఫరక్?"

"అదే అక్కా దీంతోని తిప్పలు. మనకు కనపడే నీలం వేరు, పురుగును చంపే ఎలుగు వేరు. ఆ చంపేది మన కండ్లకు కనపడది. నెలలు గడుస్తుంటే అది తగ్గిపోతది, నీలం ఒక్కటే మిగుల్తది."

భీమక్క మెల్లగా అంది, "నేను ముత్యాలమ్మ దిగిపోయిందనుకున్న."

"దిగింది తల్లి గాదక్కా, పురుగు. ఒంటి మీద కడుపునిండ తిని, కిందికి దిగి ఇసుకల కూసుంటది. ఆడ పగిలి వందల పిల్లలైతది. అవి చేపను ఎతుక్కుంట ఈదుతయ్. గప్పుడే లైటు వాటిని పట్టాలె. నీ లైటు పట్టలే, అన్నీ దాటుకొని వచ్చినయ్."

"ఇప్పుడు కొత్తది పెట్టినవ్ కద. బతుకుతయా?"

"ఒంటి మీద ఎక్కినదానికి లైటు అందది అక్కా."

భీమక్క నేల చూస్తూ నిలబడింది. "మా గూడెంల మందు కొట్టినట్టన్న మాట. దోమ సస్తది. నెత్తుట్ల ఉన్నది సావది. దానికి గోలీలే ఏయాలె."

రవీందర్ చేతిలో తుడుపు గుడ్డ అలాగే ఆగిపోయింది. "గంతే. నాకీ ముక్క సమజ్ కానీకి ఏడాది పట్టింది."

చేపలకు వైద్యం వేరే తొట్టిలో చేయాలన్నాడు. రాగి కలిసిన ఆ మందు పెద్ద తొట్టిలో పోస్తే రాళ్ళ మీది ప్రాణులు చస్తాయట. వెనకగదిలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టి, చిన్న మోటారు బిగించి, మూడు చేపలనూ అందులోకి మార్చాడు. మందు చుక్కలు ఎలా కొలవాలో, నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలో చూపించాడు. ముందుగదిలో తొట్టిని ఆరు వారాలు చేపలు లేకుండా, లైటు వేసి ఉంచాలి. ఎక్కడానికి ఒళ్ళు దొరకని పురుగు తనంతట తాను చస్తుంది.

"ఆరు సంతలు" అని భీమక్క వేళ్ళ మీద లెక్క కట్టుకుంది.

"ఆరు సంతలు. నడుమ చేపలు మంచిగైనయని తీసి ఏస్తే మళ్ళ మొదటికే."

"ఏయ సారు. సచ్చినా ఏయ" అంది.

నీలవేణి ఆ మూడో రోజు సాయంత్రం చనిపోయింది. భీమక్క దాన్ని అరటి ఆకులో చుట్టి పెరట్లో పాతింది. ఒక చేప కోసం ఇంత ఏడవడం ఏమిటని తనను తానే తిట్టుకుంది గానీ, ఏడుపు ఆగలేదు.

నారింజ జంటకు వారంలో చుక్కలు పోయాయి. రెండో వారానికి మేత కోసం టబ్బు అంచులకు కొట్టుకునేవి. చూసినవాళ్ళెవరైనా వాటికి రోగమొచ్చిందంటే నమ్మరు. భీమక్క మందు మానలేదు. రోజూ అదే వేళకు చుక్కలు లెక్కపెట్టి వేసేది. ముందుగదిలోని ఖాళీ సముద్రానికి కూడా రోజూ మంచినీళ్ళు పోసి, నాలుక మీద ఉప్పు చూసి, కింది అర తలుపు తీసి నీలం చూసేది. ఒక్క చేపా లేని ఆ నీళ్ళు మధ్యాహ్నం గోడల మీద ఎప్పటిలాగే మెరిసేవి. ఆమె వాటి ముందు కూర్చునేది. అవతల ఎవరూ లేని నీళ్ళంటే ఇలా ఉంటాయి కాబోలు అనుకునేది.

నాలుగో సంత వెళ్ళిన రెండు రోజులకు, నవమి జనంతో ఊరు కిక్కిరిసిన వేళ, రాఘవమ్మ వచ్చేసింది. చేతికర్ర మీద, తన కాళ్ళతో తానే నడిచి ముందుగదిలోకి వచ్చింది. తొట్టి నిండా వెలుగు. రాళ్ళు ఉన్నాయి, నీళ్ళు ఉన్నాయి. ఎదురు వచ్చినవాళ్ళు లేరు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"అన్నీ పోయాయా?"

"రెండున్నయ్ అమ్మా. నీలవేణి పోయింది."

వెనకగదిలోకి తీసుకెళ్ళి టబ్బు చూపించింది. నారింజ జంట మనిషి నీడ పడగానే పైకి వచ్చాయి. చుక్కల సంగతి, వేపమండల సంగతి, పెరుగన్నం సంగతి, ఫోను చేయడంలో చేసిన ఆలస్యం, ఏదీ దాచకుండా భీమక్క చెప్పింది. రాఘవమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆ దీపం తీయొద్దన్నది నేనే కదే. నీ తప్పేముంది ఇందులో?"

భీమక్క గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"నా బిడ్డకు గిట్లనే చేసిన అమ్మా."

"ఏంటే నువ్వనేది?"

"సమ్మికి జొరం తగ్గింది. మంచిగైంది కద అని గోలీలు దాచిన. ఆరు గోలీలు. గుడ్డల కట్టి ఇంటి కప్పుల చెక్కిన. మళ్ళెవలికన్న వస్తే అక్కరకొస్తయని. ఆ గోలీలు గట్లనే ఉన్నయి, బిడ్డ పోయింది. పదహారేండ్లాయె, ఎవలికి చెప్పలే."

"నీకేం తెలుసే, పాపం. ఎవరూ చెప్పి ఉండరు."

"చెప్పిన్రమ్మా. మలేరియా సారు రెండుసార్లు చెప్పిండు. అన్నీ ఏయాలె, తగ్గినా ఏయాలె అన్నడు. అవ్ అన్న. బిడ్డ నవ్వుతాంటే, సారు మాట నమ్మలే. బిడ్డ నవ్వునే నమ్మిన."

ఆరు నెలల దాకా నేల మీద కూర్చోవద్దని రాఘవమ్మకు డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆవిడ కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని, పళ్ళ బిగువున ఒక్కో మోకాలూ వంచుకుంటూ భీమక్క పక్కన నేల మీద కూర్చుంది. భీమక్క వద్దమ్మా వద్దమ్మా అంటూనే ఉంది. ఆవిడ వినలేదు. వెంకటనారాయణ వచ్చి ఇద్దరినీ లేపేదాకా వాళ్ళు అక్కడే ఉన్నారు.

ఆరో సంత నాడు నారింజ జంటను పెద్ద తొట్టిలో వదిలారు. పెద్దది ముందు, చిన్నది వెనక. ఒంటి మీద ఒక్క చుక్క రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆ వానాకాలం గూడేల్లో చలిజ్వరాలు లేచాయి. భీమక్క రెండు వారాలు సెలవు అడిగి దుమ్ముగూడెం బస్సెక్కింది. కూతురు పోయాక ఆ గూడెంలో ఒక పూట కంటే ఎక్కువ ఆమె నిలిచింది లేదు. వరసకు చెల్లెలైన జంపక్క ఇంటి ముందు ఆమె మొగుడు దూలయ్య గొడ్డలి భుజాన వేసుకుని అడవికి బయలుదేరుతున్నాడు. మూడు రోజుల కిందటి దాకా కంబళ్ళ కింద వణికిన మనిషి. భీమక్క నీళ్ళ చెంబుతో అతని దారికి అడ్డంగా నిలబడింది.

"గోలీలు ఎన్ని మిగిలినయ్?"

"జొరం పోయింది కదనే వదినా. మూడు రోజులైతాంది. ఇగ గోలీలెందుకు, దాసిపెట్టిన."

"ఏడ దాసినవో తే."

ఆరడుగుల మనిషి, పదిమందిలో పేరున్న వేటగాడు, చిన్నపిల్లవాడిలా లోపలికి వెళ్ళి చూరులోంచి గుడ్డ మూట తీసి తెచ్చాడు. భీమక్క ఆ మూటను రెండు చేతులా అందుకుంది. తర్వాత ముడి విప్పి, ఆ పూట గోలీ అతని అరచేతిలో పెట్టింది.

"నా ముందరనే మింగు. రేపూ వస్త. ఎల్లుండీ వస్త."

దూలయ్య మింగాడు. ఆమె అతని నోరు తెరిపించి బుగ్గల సందుల్లో కూడా చూసింది. చెంబు తీసుకుని పక్క గడపకు పోయింది.